డిస్కుకు పెట్టిన బొట్టు

ఒక్క చెంచాడు నువ్వుల నూనెతో ఎంత నష్టం చేయవచ్చో మీకు తెలుసా? నాకు తెలుసు. ఒక కారునీ, ఎవరో ఆరబోసుకున్న మొక్కజొన్నల్నీ, ఒక మంచి పనివాడి పేరునీ ఏకకాలంలో పాడుచేయవచ్చు. కారు ఒక్క పూటలో బాగైంది. మొక్కజొన్నలు గంటలో మళ్ళీ కుప్పకు చేరాయి. మూడోది బాగుపడటానికి మాత్రం నెలలు పట్టింది. ఆ కథే ఇది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నవ్వుకు సరిపడా తెలివితక్కువతనం నా దగ్గర అప్పుడు పుష్కలంగా ఉండేది, ఇప్పుడూ కొంత నిల్వ ఉంది.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ప్రతి ఏడూ ఘర్షణ పాఠం చెబుతాను. రెండు తలాలు రాసుకుంటే ఘర్షణ పుడుతుంది, మధ్యలో నూనె చేరితే తగ్గిపోతుంది అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని బెదిరిస్తాను కూడా. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

నా కారు ఎవరో వాడి వదిలేసిన చిన్న కారు. పొద్దున్న కాలేజీకి, సాయంత్రం ఇంటికి, నెలకోసారి గరివిడిలో మా అత్తవారింటికి. దాని జీవితంలో అంతకు మించిన సాహసం లేదు. పాలవాడి సైకిలును దాటినప్పుడే నాకు వేగంగా వెళ్తున్నట్టు అనిపించేది. అలాంటి కారుకు ఒకరోజు బ్రేకు పెడలు కాస్త లోతుగా దిగుతున్నట్టు తోచి, తవుడు బావ షెడ్డుకు తీసుకెళ్ళాను.

తవుడు బావకూ నాకూ చుట్టరికం లేదు, ఊరి వరసకి బావ. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నాం. పదో తరగతి తర్వాత నేను పుస్తకాల వైపూ, అతను స్పానర్ల వైపూ వెళ్ళాం. నాగావళి వంతెన దాటాక అతని షెడ్డు. బ్రేకు పని అంటే ఊళ్ళో అతని పేరే చెబుతారు. గౌరినాయుడుగారని ఒకాయన బడిపిల్లల్ని తిప్పే వ్యాన్లు ఆరు నడుపుతారు. ఆ ఆరింటికీ బ్రేకులు బావే చూసేవాడు. పిల్లలెక్కే బండి బ్రేకుల్ని ఒక మనిషి చేతిలో పెట్టారంటే అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుంది? బావకున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

బావ చక్రాలు విప్పి, లోపల లైటు వేసి చూసి, తీరిగ్గా చెప్పాడు. ముందు డిస్కులు బాగానే ఉన్నాయట. ప్యాడ్లు అరిగాయట, మామూలువి వేస్తే చాలట. బ్రేకు ఆయిలు మార్చక ఏళ్ళయిందట, అందుకే పెడలు దిగుతోందట. వెనక డ్రమ్ములు శుభ్రం చేసి బిగించాలట. అన్నిటికన్నా ముందు నున్నబడిపోయిన టైర్లు మార్చాలట.

ఇంత సాదాసీదా సలహా నాకు రుచించలేదు. ఎందుకంటే అప్పటికే నేను ఖాళీ పీరియడ్లలో ఫోను పట్టుకుని బ్రేకుల మీద వీడియోలు చూసి చూసి పండిపోయి ఉన్నాను. ఒక నల్లకళ్ళద్దాల ఆసామి ఏదో కొండదారిలో కారును ఉరికించి, మలుపు మలుపునా ఆపి, ఎర్రగా కాలిన డిస్కులు చూపిస్తాడు. చిల్లులున్న డిస్కులు, గాట్లున్న డిస్కులు, పరుగు పందేలకు వాడే ప్యాడ్లు. చూస్తుంటే నా కారుకు ఇవి లేకపోవడం నా కుటుంబానికి నేను చేస్తున్న ద్రోహం అనిపించింది. ఆ పూటే ఆర్డరు పెట్టేశాను. పెట్టె వచ్చిన రోజు దాన్ని మోసుకెళ్ళి బావ ముందు విప్పాను.

బావ ఒక డిస్కు తీసి వెలుగుకి ఎత్తిపట్టి, చిల్లుల్లోంచి నన్ను చూశాడు.

"ఏటి బావా ఇవి? జల్లెళ్ళేటి?"

నేను గొంతు సవరించుకుని క్లాసు మొదలుపెట్టాను. చిల్లుల్లోంచి వేడి బయటికి పోతుంది, గాట్లు దుమ్మును తుడిచేస్తాయి, ఈ ప్యాడ్లు ఎంత కాలినా పట్టు వదలవు అన్నాను. అతను అంతా విన్నాడు.

"యేడి సంగతి నాకూ తెలుసు. నీ బండికి అంత యేడి ఎక్కడ పుడతాది? ఈ ప్యాడ్లు కాలితేనే పడతాయి. నువ్వేమో ఇంట్లోంచి తీసీసరికి సందు సివర ఆవు అడ్డొస్తాది. సల్లగా ఉన్నప్పుడు పట్టీది నీకు కావాల."

"మరి డిస్కులో?" అన్నాను.

"మామూలుది సాలు. బ్రేకు సక్రాన్ని ఆపుతాది బావా. బండిని ఆపీది టైరు."

పాఠకమహాశయులారా, ఈ వాక్యాన్ని నా విద్యార్థి ఎవడైనా పరీక్షలో రాసి ఉంటే ఫుల్ మార్కులు వేసి, పక్కన 'శభాష్' అని కూడా రాసేవాణ్ణి. గ్రీజు చేతులతో నా బావ చెప్పేసరికి అది నాకు ఫిజిక్సులా వినిపించలేదు. ఫోను తీసి వీడియో అతని ముందు పెట్టాను. పాపం, చేతులు తుడుచుకుని చివరి దాకా చూశాడు.

"ఈ దొర ఏ ఊళ్ళో ఉంటాడు?" అని అడిగాడు.

తెలీదన్నాను.

"మొక్కజొన్నలు రోడ్డు మీద ఆరబోసే ఊరైతే కాదులే" అని నవ్వి, నా పట్టుదల చూసి, ఇక పనిలో దిగాడు.

ఆయిలు మార్చాడు, డ్రమ్ములు సరిచేశాడు, నా జల్లెళ్ళు బిగించాడు. తీసేసిన పాత డిస్కుల్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. పారేయక ఇవెందుకంటే నవ్వి ఊరుకున్నాడు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేదాకా నెమ్మదిగా తొక్కమన్నాడు. డిస్కుకు చెయ్యి తగలనివ్వద్దని, నూనె, గ్రీజు లాంటివి సోకితే ప్యాడ్లు ఇక పనికిరావని కూడా చెప్పాడు. చెప్పాడనే నాకు గుర్తు. నేను ఆ సమయంలో చక్రం పక్కన కూర్చుని ఫోటో తీసుకుంటున్నాను.

రెండు రోజులు బాగానే గడిచాయి. బాగానే అంటే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ కారు కీచుమని అరిచేది. మా వీధి కుక్కలు దానికి జవాబు చెప్పేవి. కాలేజీ వాచ్‌మన్ నేను సందు మలుపులో ఉండగానే గేటు తెరిచేవాడు. అది గౌరవమనుకున్నాను.

మూడో రోజు దసరా. మావైపు ఆ రోజు బండికి పూజ చేయకుండా తాళం తిప్పరు. కారు కడిగాను. మా ఆవిడ సుజాత బానెట్టు మీద పసుపుతో స్వస్తిక్ వేసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ కట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. అంతా అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. బానెట్టు ఏం చేస్తుంది? రేకు. అసలు మన ప్రాణాలు కాపాడేది ఎవరు? చక్రం ఊచల మధ్యలోంచి వెండిపళ్ళెంలా మెరుస్తున్న ఆ డిస్కులు. వాటికి బొట్టు లేకుండా ఇది ఏం పూజ?

కుంకుమ అద్దాను. నున్నటి ఇనుము మీద నిలవక రాలిపోయింది. అప్పుడు నా మేధస్సు మేల్కొంది. ఆంజనేయస్వామికి సిందూరం నువ్వుల నూనెలో కలిపి పూస్తారు కదా, ఎన్నాళ్ళైనా చెక్కుచెదరదు కదా. పూజగదిలోంచి సీసా తెచ్చి గిన్నెలో సిందూరం కలుపుతుంటే సుజాత చూసింది.

"బ్రేకుకి నూనె రాత్తారేటి? జారిపోదా?"

పద్నాలుగేళ్ళుగా ఘర్షణ పాఠం చెబుతున్న ఈ మహానుభావుడు ఇచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా ఇది.

"పూజలోకి ఫిజిక్సు తీసుకురాకు."

ముందు చక్రాలు రెండింటికీ, ఊచల మధ్య వేలు దూర్చి, డిస్కుకు మూడేసి బొట్లు పెట్టాను. గిన్నెలో ఇంకా మిగిలింది. దేవుడి వస్తువు పారేయడం ఎందుకని చిల్లుల్లో కూడా అద్దాను. చిల్లులు వేడిని బయటికి పంపుతాయని వీడియోలో చెప్పారు గానీ, నూనెను లోపలికి పంపుతాయని ఎవరూ చెప్పలేదు.

పండగ భోజనానికి గరివిడి బయల్దేరాం. ముందు సీట్లో సుజాత, వెనక సీట్లో ఏడేళ్ళ మా పాప. మొదటి మలుపులోనే బ్రేకు మెత్తగా పడింది. సుజాత నావైపు చూసింది. ఇవి పందెం ప్యాడ్లు, వేడెక్కితే గానీ పట్టవు అని వివరించాను. హైవే ఎక్కేచోట కారు నేను ఆపాలనుకున్న చోటు దాటి చాలా దూరం పోయి ఆగింది. ఇంకా వేడెక్కలేదన్నాను. హైవే దిగి చీపురుపల్లి దారి పట్టాక, ఇది వేడెక్కేది ఇవాళేనా, దీపావళికా అని సుజాత అడిగింది. బావ చెప్పిన మాటను బావకే వ్యతిరేకంగా వాడుకుంటున్నానని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక ఊరి దగ్గర సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా అంచున రాళ్ళు పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా బస్సు వస్తోంది. ఆగుదామని తొక్కాను. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, కారు మాత్రం తన దారిన తాను పోతోంది. హ్యాండు బ్రేకు లాగి, స్టీరింగు పక్కకు తిప్పేశాను. రాయి ఒకటి కింద తగిలింది. గింజలు వానలా అద్దాన్ని కొట్టాయి. కారు వెళ్ళి వెళ్ళి, కుప్పపోసిన మొక్కజొన్నల్లో ముక్కు దూర్చి ఆగింది. బస్సు పక్కనుంచి వెళ్ళిపోయింది.

"నాన్నా, వేడెక్కిందా?" అంది వెనకనుంచి పాప.

ఆ మాటకు ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు. ఆ కుప్ప అక్కడ లేకపోతే ఏమయ్యేదో నేను ఈ రోజుకీ పూర్తిగా ఊహించుకోను.

గింజల సొంతదారు ఒక ముసలమ్మ. చేతిలో చీపురుతో వచ్చి నిలబడింది.

"ఏటి నాయినా, ఇంత రోడ్డుండగా నా గింజల మీదకే వచ్చీసినావు?"

"బ్రేకు పడలేదమ్మా."

"పడనప్పుడు బండెందుకు తీసినావు?"

ఇప్పటిదాకా నన్నెవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు. కారు దిగాను. ఆవిడ చక్రం వైపు చూసి ఒక్కసారి గుండె పట్టుకుంది. ఊచల మీద ఎర్రటి చారలు. ఎవరినో గుద్దేసి వచ్చాననుకుంది. నెత్తురు కాదమ్మా, సిందూరం అని చెప్పి నమ్మించాల్సి వచ్చింది. చూశారా, నూనె చక్రమంతా చిమ్మి కళ్ళముందు కనిపిస్తోంది. అది చూసి కూడా నా బుర్ర వెలగలేదు. ఎందుకంటే నేరస్థుణ్ణి అప్పటికే తేల్చేసుకున్నాను. ఈ డిస్కులు తవుడు బావకు మొదట్నుంచీ ఇష్టం లేవు, అందుకే సరిగ్గా బిగించలేదు. అంతే.

గంటసేపు నేనూ, పట్టుచీరలో సుజాతా గింజలు ఊడ్చి కుప్పచేశాం. ముసలమ్మ మంచినీళ్ళిచ్చింది. గరివిడికి ఫోను చేసి రాలేమని చెప్పి, సెకండ్ గేరులో, హ్యాండు బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా వెనక్కి ఈడ్చుకొచ్చాను. దారంతా కోపం పెంచుకున్నాను. ఇంటి దగ్గర వాళ్ళిద్దరినీ దించి, నేరుగా షెడ్డుకు పోయాను.

అక్కడ పండగ. పనిముట్లన్నీ గుడ్డ మీద వరసగా పేర్చి బొట్లు పెట్టారు. ఆరు వ్యాన్లకూ దండలు. గౌరినాయుడుగారు, ఇంకో పదిమంది బండ్లవాళ్ళు విస్తరాకుల్లో శనగలు తింటున్నారు. నన్ను చూసి బావ ప్రసాదం పట్టుకుని ఎదురొచ్చాడు. నేను అందుకోలేదు.

"ఇదేనా నువ్వు బిగించిన బ్రేకు? పెళ్ళాంబిడ్డల్ని చంపేసేవాడివి. ఇలాంటి చేతికి బడిపిల్లల బళ్ళెవరు ఇస్తారు?"

అన్నాను. గట్టిగానే అన్నాను. శనగలు నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. బావ ప్రసాదం పక్కన పెట్టి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఊచల మధ్య వేలు పెట్టి తీశాడు. ఆ వేలు చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లేచి, వేలు పంచెకు తుడుచుకుని నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"బండి ఒగ్గీసి ఎల్లు బావా. రేపు సూత్తాను" అన్నాడు. అంతే అన్నాడు.

గౌరినాయుడుగారు తన వ్యాన్ల వైపు ఒకసారి చూసుకోవడం నేను చూశాను. చూసి, నా మాటకు బరువుందని లోపల్లోపల సంతోషించాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి కారు సిద్ధంగా ఉంది. గోనెసంచిలోని పాత డిస్కులు మళ్ళీ దానికి ఎక్కాయి, వాటితోపాటు మామూలు ప్యాడ్లూ. బావ స్టూలు మీద కాగితం పరిచి, విప్పిన పందెం ప్యాడ్లు నా ముందు పెట్టాడు. ఎర్రగా, జిడ్డుగా ఉన్నాయి.

"వాసన సూడు."

చూశాను. మా పూజగది వాసన. ఆ క్షణంలో నా పద్నాలుగేళ్ళ పాఠాలు, బోర్డు, ఆ రెండు గీతలు, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఎప్పుడు తెలిసిందని అడిగాను. నిన్న వేలు పెట్టగానే తెలిసిందన్నాడు. మరి అందరిలో నేనంతేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"అక్కడున్నోల్ల పిల్లలు నీ కాడే సదూకుంటన్నారు. మేష్టారు బ్రేకుకి నూనె రాసినాడని నానెలా సెప్పీది? నా పని మల్లీ సేసి సూపించుకుంటాను. నీ మాట పోతే క్లాసులో ఎవులింటారు?"

ఆ ప్యాడ్లు కాగితంలో చుట్టి చేతిలోకి తీసుకున్నాను. పోనీలే పండగ అన్నాడు. నిన్న నేను అందుకోని ప్రసాదం పొట్లం కట్టి ఉంచాడు, అది పాపకిమ్మని చేతిలో పెట్టాడు.

ఆ గంటలోనే గౌరినాయుడుగారి ఇంటికి వెళ్ళి నిజం చెప్పి ఉండాల్సింది. వెళ్ళలేదు. రేపు అనుకున్నాను. ఆదివారం అనుకున్నాను. మూడు వారాలు అలా అనుకున్నాక, గౌరినాయుడుగారి పచ్చ వ్యాను ఒకటి వేరే షెడ్డు ముందు నిలబడి కనిపించింది. ఆ వారంలోనే మిగతావీ అక్కడికే చేరాయి. కాలేజీకి వెళ్తూ రోజూ చూసేవాణ్ణి. తవుడు బావ ఖాళీ షెడ్డులో కూర్చుని, శుభ్రంగా ఉన్న స్పానర్లనే మళ్ళీ తుడుచుకునేవాడు. నన్ను చూస్తే చెయ్యెత్తేవాడు. నేను హారన్ కొట్టి పారిపోయేవాణ్ణి.

చివరికి సుజాత తిట్లకు తట్టుకోలేక గౌరినాయుడుగారి దగ్గరికి వెళ్ళాను. నూనె సంగతి మొత్తం చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మేష్టారూ, ఆ రోజు నలుగుర్లో సెప్పినారు. ఇవాళ నా ఇంట్లో, నా సెవిలో సెప్తన్నారు. ఇది నిజమో, స్నేహితుడి కోసం సెప్తన్నారో నాకేటి తెలుస్తాది? పిల్లలెక్కే బండి మరి."

ఆయన తప్పేమీ లేదు. మర్నాడు ఆ జిడ్డు ప్యాడ్లను కాగితంతో సహా పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. ఘర్షణ పాఠం అప్పటికే అయిపోయింది. మళ్ళీ చెబుతానన్నాను. బల్ల మీద ప్యాడ్లు పెట్టి, ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అందరికీ వాసన చూపించి, కథంతా చెప్పాను. దొర వీడియో, జల్లెళ్ళు, సిందూరం, 'పూజలోకి ఫిజిక్సు తీసుకురాకు', ముసలమ్మ ప్రశ్న, అందరి ముందూ బావను నేనన్న మాట, బావ అనని మాట. మొదట ఎవరూ నవ్వలేదు, సారు ఏడుస్తారేమోనని భయపడ్డట్టున్నారు. తర్వాత నవ్వారు చూడండి, పక్క క్లాసులోంచి కెమిస్ట్రీ సారు వచ్చారు, ఆయన వెనక ప్రిన్సిపాలు వచ్చారు. వాళ్ళ కోసం మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నేను కూరగాయలకు వెళ్తే, నూనె కావాలా మేష్టారూ అని అడిగారు.

వ్యాన్లు వెనక్కొచ్చాయి. అయితే ఒక్కసారిగా రాలేదు. ఒక్కొక్కటీ, ముందు చిన్న పనికి, తర్వాత పెద్ద పనికి. ఆరోది మార్చిలో వచ్చింది. నేను ఒక్క నిమిషంలో పోగొట్టిన దాన్ని బావ అయిదు నెలలు పనిచేసి తెచ్చుకున్నాడు. ఆ అయిదు నెలల గురించి అతను నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ చిల్లుల డిస్కు ఒకటి ఇప్పుడు షెడ్డు గుమ్మంలో తీగకు వేలాడుతోంది. టీ వచ్చిందంటే స్పానరుతో కొడతారు, నాగావళి అవతలికి వినిపిస్తుంది. నా కారుకు కొత్త టైర్లు వచ్చాయి. క్లాసులో ఇప్పుడు నేను, రెండు తలాల మధ్య నూనె చేరితే ఏమవుతుందని అడిగితే, పిల్లలంతా ఒక్క గొంతుతో, మొక్కజొన్నల్లోకి పోతాం సార్ అంటారు. మార్కులు వేయక తప్పడం లేదు.

మరుసటి దసరాకు బావ నన్ను పిలిచి, కుంకుమ పళ్ళెం చేతికిచ్చి, పనిముట్లకు మొదటి బొట్టు నన్నే పెట్టమన్నాడు. గౌరినాయుడుగారు, బండ్లవాళ్ళు అందరూ చూస్తున్నారు. నా కళ్ళు చెమర్చాయి. పెడుతూ పెడుతూ గమనించాను, షెడ్డులో నూనె సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. తాళంచెవి బావ మొలతాడుకు ఉంది.

కాబట్టి, ఫిజిక్సు లెక్చరర్నైన నేను, గుమ్మంలో వేలాడే డిస్కు సాక్షిగా, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను. బొట్టు బానెట్టు దాటి కిందికి దిగనివ్వను. పని తెలిసినవాడు మాట్లాడుతుంటే ఫోను తీయను. ఇక ఎప్పుడైనా నలుగురిలో ఒక మనిషిని నిలబెట్టి తప్పు నీదేనని అనాలనిపిస్తే, నోరు తెరిచే ముందు, నా చేతివేళ్ళు ఒకసారి వాసన చూసుకుంటాను.